మిల్లు జాగా తాళంచెవి

ఆదిలాబాద్ జిల్లా భైంసా కాపురస్థురాలు, కీర్తిశేషులు కరుణాకర్‌రావు గారి భార్య తారాబాయి, వయస్సు డెబ్బై రెండు సంవత్సరాలు, అను నేను నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఏమనగా:

నాకు మోకాళ్లు సహకరించవు, కుడి చెవి వినిపించదు. మతి మాత్రం పూర్తిగా ఉంది. డాక్టరు దగ్గర చూపించుకుని ఆ కాగితం కూడా దీనికి జతపరిచాను. ఎందుకంటే నేను పోయిన మరునాడే ముసలామె మతి తప్పి రాసిందని అనబోయేది ఎవరో నాకు తెలుసు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, మాయమాటలు చెప్పలేదు. కోపంలో ఉన్న మాట నిజమే. కోపంలో రాసిన వీలునామా చెల్లుతుందా అని వకీలు అంతయ్యను అడిగాను. చెల్లుతుందన్నాడు, కాబట్టి రాయిస్తున్నాను.

1. ఇంతకుముందు మాఘమాసంలో రాయించిన వీలునామాను దీనితో రద్దు చేస్తున్నాను. అందులో మిల్లు జాగాను ఒక షరతు మీద బడికి రాశాను. ఎందుకు రద్దు చేశానో కింద మూడో అంశంలో ఉంది.

2. నా వంటింటిని ఇన్నేళ్లు నడిపిన బాలవ్వకు నా పెట్టెలోని బంగారం, వంటింటి ఇత్తడి సామాను, నా ఊలు శాలువ. ప్రతి ఎండాకాలం మిల్లు జాగాలో ఆటకొచ్చిన పిల్లలకు కుండల కొద్దీ మజ్జిగ చేసి పోసింది ఈమె. వాళ్లలో పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్లు తర్వాత ఈమెను పలకరించిన పాపాన పోలేదు, ఒక ఇద్దరు తప్ప. శాలువ మాత్రం వెంటనే కప్పుకోవాలి, దాచుకుంటే ఊరుకోను.

3. ఇక మిల్లు జాగా, అంటే మా పత్తి మిల్లు షెడ్డు పక్కన పత్తి పోసే ఖాళీ స్థలం. ఇది మా బాపు నా పేర రిజిస్ట్రీ చేయించిన సొంత ఆస్తి. అత్తగారి వైపు వాళ్లకు ఇందులో జానెడు హక్కు లేదు. దీని సంగతి సాక్షులు వినాలి.

1969లో తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడ్డాయి. పత్తి సీజన్ అయిపోయి మా జాగా ఖాళీగా ఉంది. మా గోడకు ఆనుకుని ఉన్న ప్రైవేటు ఉన్నత పాఠశాలను ఊళ్లో మిల్లు బడి అంటారు. ఆ బడి పిల్లలు గోడ దూకి లోపల క్రికెట్ ఆడేవాళ్లు, నేను కేకలేస్తే పారిపోయేవాళ్లు. ఒక పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. మా జాగాలోనే దూది ఏకి పరుపులు కుట్టే ఇబ్రాహీం బిడ్డ జమాలున్నీసా నిలబడి ఉంది. పదకొండేళ్ల పిల్ల, ఆ బడిలోనే చదివేది.

"అమ్మా, మేం గోడ దుంకం. జర తాళంచెవి ఇయ్యుండ్రి, ఆడుకొని మళ్ల తెచ్చిస్త" అన్నది.

అడిగింది కాబట్టి ఇచ్చాను. సాయంత్రం జాగా ఊడ్చి, తాళమేసి, చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. మరుసటి ఏడు నుంచి అది రివాజైంది. ఉగాది వెళ్లి, పత్తి ఎత్తేసిన మరునాడు హెడ్‌మాస్టరు తాంబూలం పట్టుకుని వచ్చి తాళంచెవి అడుగుతాడు, నేను ఇస్తాను. వానలు పడేదాకా జాగా పిల్లలది.

ఒక మూలన మిగిలిన నాసి పత్తిని ఇబ్రాహీం పరుపులా పరిచేవాడు. పిల్లలు దాని మీద పడుతూ క్యాచ్‌లు పట్టడం నేర్చుకున్నారు. వేరే బళ్ల పిల్లలు నేల చూసి జంకితే, మావాళ్లు బంతి ఎటు పోతే అటు పడిపోయేవాళ్లు. ఈ జాగాలో ఆడి దేశం జట్టు దాకా పోయినవాళ్లు ఉపేందర్‌రావు, లింగమూర్తి, జమాలున్నీసా. ముగ్గురు. మళ్లీ రాయి అంతయ్యా, ముగ్గురు.

పోయిన దసరా ముందు బడి వార్షికోత్సవంలో హాలు గోడకు ఒక బోర్డు పెట్టారు. మన బడి అంతర్జాతీయ క్రికెటర్లు అని పైన పెద్దక్షరాలు, కింద రెండే పేర్లు. జమాలు పేరు లేదు. బడి కమిటీ అధ్యక్షుడు మా బావగారి కొడుకు సీతారాంరావు. నిలదీస్తే "ఆడోళ్ల మ్యాచ్‌లు ఎవలు లెక్కవెడ్తరు చిన్నమ్మా, గవి రేడియోల గూడ రాలే" అన్నాడు.

రేడియోలో రాలేదు. అందుకే ఆమె దేశం తరఫున ఆడిన నాడు నేనూ ఇబ్రాహీమూ బస్సెక్కి హైదరాబాద్ పోయి చూశాం. జమాలు గాలిలో అడ్డంగా పోయి, ఒంటి చేత్తో క్యాచ్ పట్టి నేల మీద పడింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతుంటే ఇబ్రాహీం మాత్రం లేచి నిలబడ్డాడు. "అమ్మా, గాడ పత్తి లేదు గదా, బిడ్డకు దెబ్బ తాకిందో ఏమో" అన్నాడు. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆ ఆటను లెక్కలోకి రాదనడానికి సీతారాంరావు ఎవడు?

అదే హాల్లో అద్దాల పెట్టెలో ఒక జత ప్యాడ్లు పెట్టారు. బిడ్డ కాళ్లకు దెబ్బలు తగలకుండా ఇబ్రాహీం పరుపు గుడ్డలో మా మిల్లు పత్తి కూరి కుట్టినవి అవి. కింద చీటీలో ఉపేందర్‌రావు చిన్ననాటి ప్యాడ్లు అని రాశారు. నిర్మల్ నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్న జమాలు, సభ అయ్యాక ఆ అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "పేరు లేకుంటే లేకపాయె అమ్మా. గిది మా బాపు కుట్టు" అన్నది. నేను ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆమె పేరు బోర్డు మీద రాస్తే జాగా బడికి ఇస్తానని మాఘంలో రాయించింది అందుకే. సంగతి తెలిసి సీతారాంరావు పరుగెత్తుకొచ్చాడు. "దానికేంది చిన్నమ్మా, డబ్బ రంగు పని. నువ్వు జాగా రిజిస్ట్రీ చెయ్యి, రేపే రాయిస్త" అన్నాడు. అదే చేత్తో రోడ్డు వైపు కట్టబోయే మల్గీల నక్షా కూడా పరిచి చూపించాడు. దుకాణాలు పోగా పిల్లలకు మిగిలేది మూత్రశాల వెనక సందు. అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఆ అమ్మాయి ఆడి సంపాదించుకున్న పేరును నేను జాగా ఇచ్చి కొనిపెట్టాలా? అంత అగ్గువదా ఆ పేరు?

4. ఉపేందర్‌రావుకు నా బీరువాలోని కిటికీ అద్దం ముక్క. చిన్నప్పుడు అతను కొట్టిన బంతికి మిల్లు ఆఫీసు అద్దం పగిలింది. అతను దేశం జట్టులోకి వచ్చాడని తెలిసిన నాడు ఆ ముక్కను పట్టుగుడ్డలో చుట్టి దాచుకున్నాను. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాను. వార్షికోత్సవం నాడు ఆ ప్యాడ్లు తనవి కావని అతనికి తెలుసు, అయినా వాటి పక్కన నిలబడి నవ్వుతూ ఫోటో దిగాడు. నా ముక్క నాకొద్దు, తీసుకుపోవచ్చు. పట్టుగుడ్డ బాలవ్వకు.

5. నేనుంటున్న ఇల్లు మా ఆయన వంశానిది కాబట్టి సీతారాంరావుకే. అతనిది అతనికి రాకుండా చేసేంత నీచురాలిని కాను. బాలవ్వ బతికున్నన్నాళ్లు వెనక గది ఆమెది, ఖాళీ చేయమని అడిగే హక్కు ఎవరికీ లేదు. వరండాలో ఒక డబ్బా తెల్లరంగు, కొత్త కుంచె కొని పెట్టించాను. అవీ సీతారాంరావుకే. వాటితో ఏం రాసుకుంటాడో అతని ఇష్టం.

6. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత లింగమూర్తిది. ఆ రోజు స్టేజీ మీద మైకు పట్టుకుని "మా ముగ్గుర్ల అసలు ఫీల్డర్ వెనక కూసున్నది" అన్నది ఇతనొక్కడే. వెంటనే మైకు లాక్కున్నారు. అద్దాల పెట్టెలోని ప్యాడ్లు ఇబ్రాహీం సొత్తు, అతని తర్వాత అతని బిడ్డవి. లింగమూర్తి వాటిని అడిగి తీసుకుని జమాలు చేతికివ్వాలి. ఇవ్వకపోతే కోర్టుకు పోవాలి. పాత ప్యాడ్ల కోసం కోర్టా అని అంతయ్య నవ్వాడు. అవును, కోర్టే.

7. మిల్లు జాగా. హద్దులు: తూర్పున రోడ్డు, దక్షిణాన మిల్లు షెడ్డు, పడమర బడి గోడ, ఉత్తరాన బండ్ల బాట. ఈ మధ్య ఉన్న మొత్తం జాగాను ఇబ్రాహీం కూతురు, ప్రస్తుతం నిర్మల్ వాస్తవ్యురాలు జమాలున్నీసాకు సర్వహక్కులతో రాసిస్తున్నాను. ఆమెకు ఏ షరతూ లేదు. ఉంచుకున్నా అమ్ముకున్నా ఆమె ఇష్టం, కానీ పిల్లల ఆట ఆపుతుందని నేను అనుకోవడం లేదు.

షరతు బడికి. ఏటా పత్తి ఎత్తేసిన మరునాడు తాళంచెవి అడగడానికి అటెండరును పంపితే చెల్లదు. కమిటీ అధ్యక్షుడే తాంబూలం పట్టుకుని, మేం హైదరాబాద్ పోయినట్టే బస్సెక్కి, నిర్మల్ పోవాలి. ఆమె తలుపు కొట్టాలి. బోర్డు మీద పేరు రాయమని నేనిక ఎవరినీ అడగను. తలుపు తీసినవాళ్లు ఎవరు కావాలని అడుగుతారు. అప్పుడు సీతారాంరావు తన నోటితో ఆ పేరు చెప్పాలి.

భైంసా, 1995 మే 14.

చదివించి విని, సరేనని పెట్టిన చేవ్రాలు: తారాబాయి

సాక్షులు:
హనుమండ్లు, రిటైర్డు బస్సు కండక్టరు, బోథ్
సరళాదేవి, ఉపాధ్యాయిని, ధర్మపురి

దస్తూరి: అంతయ్య, వకీలు. ఆమె ఒక్క మాట కూడా తీసేయనివ్వలేదు.