పేరు పెట్టి పిలిస్తే వచ్చిన ఆవులు

ఇంగ్లండు, 9 ఫిబ్రవరి 1949

మగ్దలేనమ్మ అక్కకు తమ్ముడు ఆరోగ్యం చేసే నమస్కారాలు. నేను కులాసా. ఉత్తరం ఆలస్యమైందని కంగారుపడకు. సేద్యం నేర్చుకోమని నన్ను పంపిన ఈ పల్లెలో, మా రైతు ఇంటి గేటు దగ్గర పోలీసును పెట్టి పది రోజులు ఎవరినీ బయటికి పోనివ్వలేదు.

ఇక్కడ రెండు ఆవులకు గాలికుంటు జబ్బు వచ్చింది. మన నూజివీడులో అయితే నోరు ఉప్పునీళ్లతో కడిగి, తగ్గేదాకా కనిపెట్టుకుని ఉంటాం గదా. ఇక్కడ ఒక్కదానికి వచ్చినా మందనంతా చంపాలని చట్టమట. నేను నమ్మలేదు. రైతు భార్య ఎడిత్ అమ్మ పేరు పెట్టి పిలుస్తుంటే నలభై ఆవులూ ఒక్కొక్కటే నడిచి వచ్చాయి. సర్కారువాళ్లు అన్నిటినీ తుపాకీతో కాల్చేశారు అక్కా!

"జబ్బు లేనివాటినైనా వదిలెయ్యండి" అని కాల్చేముందు బతిమాలాను.

"చట్టం అబ్బాయీ, నువ్వు లోపలికి పో" అన్నాడు రైతు. ఆయన ముఖం చూడలేకపోయాను.

మన ఎర్రావు ఈనిందా? చాట్రాయి వైపు గాలికుంటు ఉందని వింటే దాన్ని మందలోకి తోలకు, దొడ్లోనే కట్టెయ్యి. మామిడి పూత ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా?

నిన్న కూడా ఎడిత్ అమ్మ అలవాటుకొద్దీ పాలబిందె పట్టుకుని కొట్టం దాకా వెళ్లి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. నేనే వెళ్లి ఇంట్లోకి తీసుకొచ్చాను. ఆదివారం చర్చిలో ఆవిడ పేరున ఒక కొవ్వొత్తి వెలిగించు. పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు,
ఆరోగ్యం