గౌను వెనక పక్క

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈరోజు నోరు జారాను.

ఆరాధన అయ్యాక లోకేష్ వాళ్ళ అమ్మ సువార్తమ్మ అత్త ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. మా పెళ్ళి గురించి మాట్లాడాలని హిందూపురం నుంచి పనిగట్టుకుని వచ్చింది. ఫోటోలో ఉన్నది బెంగుళూరు అద్దె గౌను. తెల్లగా, దోమతెరంత ఉంది. "నలబై పెండ్లిండ్లు చూసింది పాపా, అయినా చూడు ఎంత కొత్తగా ఉండాదో" అని మెచ్చుకుంది. నలభై మంది చెమట. నేను నలభై ఒకటోదాన్ని.

చిన్నప్పటి నుంచి నా క్రిస్మస్ బట్టలన్నీ పెద్దమ్మ కూతురు వేసి విడిచినవే. పెళ్ళి రోజు కూడా ఎవరో విడిచింది వేసుకోవాలా అనిపించి ఏడుపొచ్చింది. ఏడ్చినా సరిపోయేది. ఏడవకుండా, "నా గౌను నేనే కుట్టుకుంటానత్తా, మొత్తం చేత్తో" అన్నాను.

చర్చి ముందు నిలబడ్డ ఆడవాళ్ళందరూ విన్నారు. నాకు గుండీ కుట్టడం తప్ప ఏమీ రాదని అమ్మకు ఒక్కదానికే తెలుసు. అమ్మ చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంది.

పెళ్ళి నవంబర్ 26న. అత్త అదే నెల పదహారో తేదీన మళ్ళీ మా ధర్మవరం వచ్చి చూస్తుందట. అప్పటికి అది గౌనులా కనబడకపోతే అద్దెదే ఖాయం.

సెప్టెంబర్ 9, మంగళవారం

నా ధైర్యమంతా యూట్యూబ్ ఇచ్చిందే. నేను పెనుకొండలో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. మధ్యాహ్నం ఒక్క కస్టమర్ రాడు. మూడు నెలలుగా ఒక ఫారిన్ మేడమ్ చెప్పే కుటూర్ హ్యాండ్ సూయింగ్ క్లాసులు చూస్తున్నాను. మిషన్ ముట్టదు. సూది, దారం, రెండు చేతులు. చూస్తుంటే ఎంత ఈజీయో.

పొద్దున ఐదుకు లేచి మొదటి పాఠం చేశాను. దారానికి మైనం రాసి, పేపర్ మధ్య పెట్టి ఇస్త్రీ చేయాలి. అప్పుడు చిక్కు పడదట. అమ్మ వచ్చి చూసి, "దారానికి ఇస్త్రీ ఏందే, అది యాడికన్నా పెండ్లికి పోతాదా" అంది. ఇస్త్రీ చేసిన దారం కూడా చిక్కు పడింది.

సెప్టెంబర్ 10

సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే తోలు టోపీ, అదే థింబుల్, తీయడం మరిచిపోయి షాపుకు వెళ్ళాను, ఒక పెద్దాయన "వేలు ఎట్ల తెగింది పాపా" అని సాయంత్రం దాకా జాలిపడ్డాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

పట్టు బట్ట కోసం ఉలిగప్ప మామ దగ్గరకు వెళ్ళాను. రెండు వీధుల అవతల ఆయన మగ్గం. తెల్ల పట్టు కావాలి మామా, అంచు వద్దు, బుటా వద్దు, కొంగు వద్దు అన్నాను. ఆయన మగ్గం ఆపేశాడు. గొంతు తగ్గించి, "ఎవరు పోయినారు పాపా?" అని అడిగాడు.

నా పెళ్ళికే అని చెప్పడానికి అరగంట పట్టింది. నేస్తానన్నాడు గానీ ముఖంలో సంతోషం లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

స్లిప్ స్టిచ్. రెండు అంచులను కలిపి కుట్టాలి, కుట్టు ఎక్కడా కనబడకూడదు. నాయన ఆటో నడిపేటప్పుడు వేసుకునే ఖాకీ చొక్కా మీద ప్రాక్టీస్ చేశాను. మొదటిసారి బాగా వచ్చింది. సంతోషంలో ఊడదీయడం మరిచిపోయాను.

నాయనను స్టేషన్ దగ్గర పోలీసులు ఆపి లైసెన్స్ అడిగారు. లైసెన్స్ జేబులోనే ఉంది. జేబుకు నోరే లేదు. నాయన అటు తడిమి ఇటు తడిమి, చివరికి చొక్కా విప్పి వాళ్ళ చేతికిచ్చాడట. "ఇస్సాకన్నా, ఎవరప్పా ఇంత బాగా కుట్టింది" అని ఎస్సై గారే అడిగారని నాయన కోపంగా చెప్పాడు. నాకు మాత్రం ఇంతవరకు దక్కిన ఒకే ఒక సర్టిఫికెట్ అది.

అక్టోబర్ 12, ఆదివారం

పట్టు వచ్చింది. ఒక పక్క పొడవునా సన్నగా బంగారు జరీ గీత ఉంది. "ఉట్టి తెల్లగా ఇయ్యల్ల అంటే మనసు ఒప్పలేదు" అన్నాడు ఉలిగప్ప మామ. ఆ గీత కుట్టు లోపలికి వెళ్ళిపోతుంది, ఎవరికీ కనబడదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ముందు పాత దుప్పటితో ట్రయల్ గౌను కుట్టి సరిచూశాను. తర్వాత పట్టు మీద కత్తెర పెట్టాను. మొదటి కోతకు ముందు ప్రార్థన చేశాను. నాయన కూడా ఆటో ఆపి లోపలికి వచ్చి నిలబడ్డాడు. పదహారు ముక్కలయ్యాయి.

నవంబర్ 2, ఆదివారం

మూడు వారాలుగా ఒకటే పని. గుర్తులు.

తెల్ల పట్టు మీద చాక్ పెట్టకూడదు, మరక పోదు. అందుకని నీలం దారంతో గుర్తులు వేసుకోవాలి. కుట్టు ఎక్కడ రావాలో అక్కడంతా కచ్చా కుట్టు. నడుము దగ్గర, చంక దగ్గర, మడత రావాల్సిన చోట రెండు పొరలకూ కలిపి వదులుగా దారం వేసి, పొరల మధ్య కత్తిరించాలి. ఒక్కో పొరలో చిన్న దారపు కుచ్చు మిగులుతుంది. ఈ గుర్తులు ఉంటేనే ఏ ముక్క దేనితో కలుస్తుందో తెలిసేది. గుర్తులు లేకపోతే పదహారు తెల్ల గుడ్డలు.

రోజూ పొద్దున బస్సు టైమ్ దాకా ఇదే. ఈరోజు చివరి కుచ్చు కత్తిరించాను. మేడమ్ అన్నట్టే భుజాలు రిలాక్స్ చేశాను. జీవితంలో ఇంత ఓపికగా ఏ పనీ చేయలేదు. నా మీద నాకే గౌరవం కలిగింది.

నవంబర్ 6, గురువారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో నా ముక్కలు. మడతలు పెట్టి ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది. "ఎంత గలీజుగా ఇడిసినావు పాపా. యాడ చూసినా దారాలే. అంతా నున్నగా చేసి పెట్టినా, తడిమి చూడు" అంది.

అమ్మ ముప్పై ఏళ్ళుగా చీరల కటింగ్ చేస్తోంది. బుటా చీర మగ్గం దిగాక వెనక పక్క దారాలు వేలాడుతూ ఉంటాయి. వాటిని బట్ట తెగకుండా కత్తిరించడమే అమ్మ పని. ధర్మవరంలో అమ్మ చేతిలో నున్నగా కాని చీర లేదు. వేలాడే దారం కనబడితే అమ్మ చెయ్యి ఆగదు. ఈరోజు కటింగ్ చీరలు రాలేదట, ఖాళీగా ఉండి కూతురికి సాయం చేసింది.

పదహారు ముక్కలు. రెండు పొరలు. ఒక్క నీలం పోగు మిగల్చలేదు. కచ్చా కుట్టును కూడా ముక్కలు ముక్కలుగా కత్తిరించి, లాగేసి, ప్లాస్టిక్ కవర్లో వేసింది. కవర్ కూడా నాకే ఇచ్చింది.

నేను ఏమేం అన్నానో ఇక్కడ రాయను. రాయదగ్గ మాటలు కావు. అమ్మ కత్తెర డబ్బాలో పెట్టి లేచి వెళ్ళిపోయింది.

నవంబర్ 7

అమ్మతో మాట్లాడటం లేదు.

నవంబర్ 8, శనివారం

లోకేష్ ఫోన్ చేసి ఓదార్చాడు. అద్దె గౌను కూడా మరీ అంత బాగలేనిది కాదు కదా గ్రేస్ అన్నాడు. అతనితో కూడా మాట్లాడటం లేదు.

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చి పడుకున్నాను. మధ్యాహ్నం నాయన వచ్చి, "మీయమ్మ పిలుస్తాంది, పో" అన్నాడు. వెళ్ళలేదు. మళ్ళీ వచ్చాడు. వెళ్ళాను.

అమ్మ గడపలో కూర్చుని ఒక ముక్కను ఎండకు అడ్డంగా పట్టుకుంది. "ఈడ" అని వేలు పెట్టింది. నాకేమీ కనబడలేదు. "ఈడ సూది దిగిన తూటు ఉండాది. దీని పక్కన ఇంగొకటి. దారం తీసినా గానీ, పట్టు కదా, తూటు పూడుకోదు" అంది. కళ్ళద్దాలు అమ్మేదాన్ని నాకు కనబడలేదు. భూతద్దం తెచ్చి చూస్తే ఉంది. వరసగా, సన్నగా, నేను వేసిన ప్రతి కుట్టుకూ ఒక చిన్న తూటు.

అమ్మ వేలు జరుపుతూ పోయింది. నేను ఆ వేలి వెనకే నీలం దారం వేస్తూ పోయాను. ఒక చోట నేను తూటు పక్కన వేయబోతే చేతి మీద కొట్టింది. పొద్దు వాలేలోగా ఐదు ముక్కలయ్యాయి. అన్నం నాయన వండాడు, మాడింది.

చాలా సిగ్గేసింది. గురువారం అన్న మాటలకు క్షమించమ్మా అన్నాను, ఏడ్చాను. "కండ్లనీళ్ళు పట్టు మీద పడతాయి, జరుగు" అంది.

నవంబర్ 13, గురువారం

గుర్తులన్నీ మళ్ళీ వచ్చాయి. ఇప్పుడు కొత్త సమస్య. అమ్మ కూడా నేర్చుకుంటోంది.

పొద్దున వీడియో పెట్టగానే వచ్చి కూర్చుంటుంది. మేడమ్ మీద అమ్మకు మంచి అభిప్రాయం లేదు. "ఆయమ్మ వెనక పక్క చూపించదేమి? ఏదో దాస్తాంది" అంటుంది. అమ్మ వేసిన మొదటి కుట్లు వంకర టింకరగా వచ్చాయి. వాటిని తానే విప్పేసింది. తర్వాత నావి కూడా విప్పేసింది. ముందర ఎంత బాగున్నా లెక్క లేదు, బట్ట తిప్పి చూసి "కాదు" అంటుంది, అంతే. అత్త రావడానికి మూడు రోజులే ఉందనగా రెండు రోజుల పని విప్పించింది.

నవంబర్ 16, ఆదివారం

అత్త, లోకేష్ వచ్చారు. పైభాగం పూర్తయింది. కింది కుచ్చిళ్ళు ఇంకా నీలం కచ్చా కుట్టు మీదే ఉన్నాయి.

నేను చూపించేలోపే అమ్మ గౌనును తిరగేసి అత్త ఒళ్ళో పెట్టింది. అత్త చాలాసేపు చూసింది. వేలితో కుట్లు వెతికింది. ఒక చోట జరీ గీత కనబడితే, "లోపల కూడా బంగారమా వదినా" అంది. అమ్మ ఔనని ఊరుకుంది. ఇంకా సేపు చూసి అత్త, "ఇది ముందర పక్కా, ఎనక పక్కా?" అని అడిగింది. వెనక అని చెబితే నమ్మలేదు. "ఇదే బాగుండాది పాపా, ఇట్లే ఏసుకోరాదా" అంది.

అద్దె గౌను బుక్ చేయలేదు. లోకేష్‌తో మాట్లాడాను.

నవంబర్ 25, మంగళవారం

రేపే పెళ్ళి. కింది అంచు నాలుగున్నర మీటర్లు. లోపలికి మడిచి కుట్టాలి, మీటరుకు ఎన్ని వందల కుట్లో లెక్క లేదు. చుట్టాలొచ్చారు. ఒకరు సూదిలో దారం ఎక్కించి ఇస్తామంటారు, ఒకరు నెయిల్ పాలిష్ అంటారు. వంటకు ఉల్లిపాయలు అమ్మనే అడుగుతారు. నేను ఒకటిన్నర మీటరు చేశాను. మిగతా మూడు మీటర్లు కచ్చా కుట్టే. నీలంది విప్పి తెల్లదారంతో వేశాను, దూరానికి కనబడదు.

అమ్మ గౌనును చూసినప్పుడల్లా కింది అంచునే చూస్తోంది.

నవంబర్ 26, బుధవారం

పెళ్ళయింది. నేను చాలా చిన్న అడుగులు వేశాను. పెళ్ళికూతురు ఎంత అణకువో అని హిందూపురం వాళ్ళు అనుకున్నారట.

మా ధర్మవరం ఆడవాళ్ళు ముఖం చూడలేదు, అక్షరాలా వంగి అంచు తిప్పి చూడబోయారు. ఏ బట్టనైనా ఇక్కడ ముందు తిప్పే చూస్తారు. కుట్టిన పక్క అందరికీ చూపించి, కుట్టని మూడు మీటర్ల మీద అమ్మ తన చీర కుచ్చిళ్ళు పరిచి నిలబడింది. ఎవరు పిలిచినా కదల్లేదు. భోజనానికి కూడా. ఫోటోలన్నిటిలో నాకు ఎడమ పక్కన అమ్మ ఉంది. లోకేష్ కొన్నిటిలో లేడు.

డిసెంబర్ 4, గురువారం, హిందూపురం

అమ్మ పాసింజర్ బండికి వచ్చింది. బాగున్నావా అని కూడా అడగలేదు. "గౌను యాడుండాది?" అంది.

వెలుతురు చూసుకుని వాకిట్లో కూర్చుని మూడు మీటర్లూ కుట్టింది. ఇంక దాన్ని ఎవరు వేసుకుంటారు వదినా అని అత్త నవ్వితే, "ఏసుకునేదానికి కాదు" అంది. సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

అంచు తిప్పి, నా కుట్టు ఆగి అమ్మ కుట్టు మొదలైన చోటు కోసం వెతికాను. దొరకలేదు.