కడవ పంపితే ఫిర్యాదే

ఉదయగిరి కొండ దిగువ పల్లె,
1879 మే 4.

ఆత్మకూరు బావుల కచేరీ గుమాస్తా రామనారాయణ గారికి ఓబమ్మ దండాలు పెట్టి చెప్పేది. రాసేది మిషను బడి పంతులు యేసురత్నం.

అయ్యా, ధాత కరువప్పుడు బావి కావాలన్న మా అర్జీని పైకి పంపింది మీరేనంట. ఆ బావిలో ఇప్పుడు నీళ్లు తేటగా ఉండాయి. మునుపు కోడి కూయకముందే వాగులో చెలమ కాడికి పోయేదాన్ని. టెంకాయ చిప్పతో తోడి తోడి కడవ నిండేసరికి బారెడు పొద్దెక్కేది. అందులో సగం బురదే. ఈ ఏడు మా పల్లెలో ఒక్క కాలికీ నారికురుపు లేదు, ఒక్క బిడ్డకూ భేదులు లేవు. మీ పుణ్యమే. మీకిచ్చుకునేదానికి మొగుడు పోయిన నా కాడ వేరే ఏమీ లేదు. అందుకని చింతపండు బండి గోవిందయ్య చేత ఒక కడవ నీళ్లు మూతికి గుడ్డ వాసెన కట్టి పంపినాను. తాగి చల్లగా ఉండండి.

ఇట్లు,
ఓబమ్మ నిశానీ.

తా.క. కడవ తిరిగి పంపేది. అది మా అత్తది. నీళ్లు మీవి, కడవ మాది.


ఆత్మకూరు,
మే 12.

గంగాభాగీరథీ సమానురాలైన ఓబమ్మ గారికి గుమాస్తా రామనారాయణ వ్రాయునది.

మీ కడవ చేరింది. మూడేళ్ల కిందట బావి కావాలని అర్జీ పెట్టినప్పుడు మీ పల్లెవారు రుజువు కింద ఒక కడవ బురదనీళ్లు పంపారు. అందులో కప్ప కూడా ఉంది. అప్పటినుంచి ఈ కచేరీలో కడవ వచ్చిందంటే ఫిర్యాదు వచ్చినట్టే లెక్క. మా దొరగారు మీ కడవ చూశారు, ఉత్తరం చూడలేదు. "నీటి మీద ఫిర్యాదు" అని దస్త్రం తెరిపించారు. లోపమేమిటో వెంటనే తెలపగలరు. లోపం నిజమైతే బావి పూడ్చక తప్పదు.

ఇట్లు,
విధేయుడు రామనారాయణ.

తా.క. పరీక్షలో మొదటి కడవ ఖర్చయిపోయింది. ఇంకొకటి పంపండి. ఈసారి కూడా కప్ప వద్దు.


ఉదయగిరి కొండ దిగువ పల్లె,
మే 19.

గుమాస్తా గారి కాళ్లకు ఓబమ్మ మొక్కి చెప్పేది.

అయ్యా, బావి పూడ్చొద్దు! మంచికి పోతే చెడు ఎదురైనట్టుండాది నా పని. లోపాలు చెప్పమన్నారు కాబట్టి చెప్తాను. ఈ నీళ్లతో కందిపప్పు రెండు పొంగులకే ఉడుకుతాది. దాంతో కోడళ్లకు తీరిక ఎక్కువై అత్తలకు ఎదురు చెప్తా ఉండారు. చెలమ కాడ కూసుంటే ఊరి సంగతులన్నీ తెలిసేవి. ఇప్పుడు చిటికెలో కడవ నిండుతాది, ఎవరింట్లో ఏమైందో తెలిసి చావదు. ఇంతకు మించి లోపం ఉంటే నా కళ్లు పోనీ.

రెండు కడవలు పంపినాను. మా ఆడోళ్లు ఎవరొచ్చి పూడుస్తారోనని గట్టు మీదనే కాపలా కూసోనుండారు.

ఇట్లు,
ఓబమ్మ నిశానీ.

తా.క. ఇది పంతులు యేసురత్నం మనవి. చెలమకు పోయే పని తప్పాక బడికి తొమ్మిది మంది ఆడపిల్లలు వస్తున్నారు. మునుపు ఇద్దరే. పూడ్చేటట్టయితే మిగిలిన ఏడుగురికి ఏం చెప్పి ఇంటికి పంపాలో మీరే రాయండి.


ఆత్మకూరు,
మే 28.

గంగాభాగీరథీ సమానురాలైన ఓబమ్మ గారికి,

మీ జవాబుతో ఫిర్యాదులు రెండయ్యాయి. ఒకటి పప్పు తొందరగా ఉడకడం, రెండు ఊరి సంగతులు తెలియకపోవడం. మొదటిదాన్ని మా ఇంట్లోనే రెండు పూటలా విచారిస్తున్నాం. మూడు కడవలు ఏ మూలకూ చాలలేదు. ఇకమీదట వారానికి నాలుగు పంపాలి. కచేరీలో కాదు, మా ఇంట్లో దించాలి. అవి వస్తున్నంతవరకూ పూడ్చే ఉత్తర్వు రాకుండా నేను చూసుకుంటాను.

ఇట్లు,
విధేయుడు రామనారాయణ.

తా.క. విచారణ వానాకాలం దాకా సాగవచ్చు. మా ఆవిడ కామాక్షమ్మ ఉద్దేశంలో ఈ వానాకాలం కాదు, పై వానాకాలం.


ఉదయగిరి కొండ దిగువ పల్లె,
జూన్ 8.

రామనారాయణా, ఓబమ్మ చెప్పేది విను.

కడవలు దించను పోయిన గోవిందయ్య మీ ఇల్లు చూసి వచ్చినాడు. మీ వీధి బావిలో ఉప్పునీళ్లంట. నీ కూతురు ఆరునెల్లుగా కడుపునొప్పితో మంచం దిగలేదంట. మా నీళ్లు తాగినంక లేచి, గోవిందయ్య ఎద్దులకు గడ్డి పెట్టిందంట. కామాక్షమ్మ ఏడ్చి అంతా చెప్పేసింది. మీ దొర నా ఉత్తరం చదివి దస్త్రం ఎప్పుడో మూసేసినాడంట గదా!

మూడు వారాలు మా ఆడోళ్లు గట్టు దిగలేదు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చెప్పినదంతా రాయనని పంతులు కలం కింద పెట్టేసినాడు. కోపం తగ్గినాక నా సంగతి గుర్తొచ్చింది. నేనూ చెలమ కాడ నా బిడ్డకు జొరమని అబద్ధమాడి వరసలో ముందుకు పోయినదాన్నే. అడిగుంటే ఇచ్చేదాన్ని గదరా నాయనా. నీళ్లు లేదంటానా?

నన్ను గంగా భాగీరథి అని రాసినావు. బురద తోడినన్నాళ్లు ఆ మాట ఎవురూ అనలేదు. ఈ తూరి బండిలో కడవలు లేవు. మా బావి తవ్విన కొండలయ్య ఉండాడు, గునపం తోడ. మీ వీధిలో తీపినీళ్లు యాడుండేది నేల చూసి చెప్తాడు. తవ్వినన్నాళ్లు కడుపునిండా అన్నం పెట్టు. వీధంతా తాగాల.

ఇట్లు,
మీ ఓబమ్మ నిశానీ.

తా.క. నీళ్లు పడినాక ఒక కడవ మాకు పంపు. మేము దాన్ని ఫిర్యాదు కింద రాసుకోంలే.