ఐదుకి ఏడు, మీద బొటనవేలంత

జూన్ 9, ఆదివారం
కొట్టు నుంచి

లెక్కల టీచరమ్మగారికి,

ఎండ గుడ్డలు కుట్టే ముసలామె పెట్టుకునే నమస్కారాలు. మీరు, మీ ఇంటివాళ్ళు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమమని రాయించాలి కదా, రాయించాను. ఆ మాట ఎంతవరకు నిజమో కిందికి చదివితే మీకే తెలుస్తుంది.

నన్ను మరిచిపోయి ఉండరు. నిండు క్లాసులోకి చెప్పులతో దూసుకొచ్చి, మీ బల్ల మీద గుడ్డ పరిచి, టేపు పెట్టి కొలిచి చూపించిన మనిషిని. రాస్తున్నది ఎవరో దస్తూరీ చూడగానే పోల్చుకునే ఉంటారు. నాకు అక్షరం ముక్క రాదు. ఈ ఇంట్లో రాయడం వచ్చి, తీరిగ్గా కూర్చున్నది నా మనవరాలొక్కతే. ఆ తీరిక కూడా నా నిర్వాకమే. చెప్పింది చెప్పినట్టు రాయి, మెరుగులు దిద్దావంటే వీపు చీరేస్తానన్నాను. నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

ముందు నా వాదన వినండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మా కొట్లో కిటికీలకీ, దుకాణాల ముందరా కట్టే ఎండ గుడ్డలు కుడతాం. నలుచదరం గుడ్డ గాలికి చిరక్కుండా మూల నుంచి మూలకి గట్టి పట్టీ వేస్తాం. ఆ పట్టీ ఎంత కొయ్యాలో మా అత్తగారు నేర్పింది. గుడ్డ ఒక్కో పక్క ఐదడుగులైతే పట్టీ ఏడడుగులు, మీద బొటనవేలంత, అంటే దాని వెడల్పంత. ఆ బొటనవేలు దేనికత్తా అంటే, కుట్టులో పోవడానికిలే అంది. ఆవిడ అలాగే కోసింది, నేనూ అలాగే కోశాను, నా కూతురూ అలాగే కోస్తోంది. ఒక్క గుడ్డ వెనక్కి రాలేదు.

ఇక మీ పాఠం. మనవరాల్ని ఇంట్లో పిట్ట అంటాం. బడి నుంచి రాగానే నా మిషను పక్కన చతికిలబడి ఆనాటి పాఠం నాకు అప్పజెప్పేది. నాకర్థమైందా లేదా అన్న పట్టింపు దానికి లేదు, ఊ కొడితే చాలు. అలా ఊ కొట్టగా కొట్టగా అకరణీయ సంఖ్యలు నాక్కూడా కాస్త పట్టుబడ్డాయి. ఒక పూర్ణసంఖ్యని ఇంకో పూర్ణసంఖ్య మీద కూర్చోబెట్టి రాయగలిగితే అది అకరణీయమట. కింద మాత్రం సున్నా ఉండకూడదట. ఎవరూ లేనప్పుడు ఎవరికి పంచుతారే అన్నాను. అదే అమ్మమ్మా అని చప్పట్లు కొట్టింది. సగం అకరణీయం. వట్టి ఐదు కూడా అకరణీయమే, కింద ఒకటి ఉన్నట్టు అనుకోవాలి. మూడో వంతుని చుక్క పెట్టి రాస్తే మూడు మూడు మూడు అంటూ అంతు లేకుండా పోతుంది, అయినా అదీ అకరణీయమే, పాడిందే పాడుతుంది కనక. నాలాగన్నమాట అన్నాను. నాలుగుకి వర్గమూలం అని ముసుగేసుకుని వచ్చినదాన్ని చూసి బెదరకూడదు, ముసుగు తీస్తే లోపల ఉన్నది రెండే. కొన్ని మాత్రం ఆగనూ ఆగవు, పాడిందే పాడనూ పాడవు. అవి కరణీయాలట.

అక్కడే నాకు ఒళ్ళు మండింది. ఒక్కో పక్క అడుగున్న నలుచదరానికి మూల నుంచి మూలకి ఉన్న పొడవు, మీరు కర్ణం అంటారట, అలాంటిదేనని, దాన్ని ఏ భిన్నంలోనూ పట్టలేమని మీరు చెప్పారట. పట్టలేకపోవడమేమిటే, నేను రోజూ కోస్తున్నది ఏమిటి మరి, ఏడు బై ఐదు కాదూ, మీ టీచరు ఎప్పుడైనా కత్తెర పట్టిందా అని అడిగాను. మీద బొటనవేలో అని పిట్ట గొణిగింది. అది కుట్టుకే అని కసిరాను. నా కొలత తప్పయితే మా అత్తగారు తప్పు, నేను తప్పు, ఈ కొట్టంతా తప్పని అరిచి, ఆ రాత్రి కంచం ముందు నుంచి కూడా లేచిపోయాను.

మర్నాడే మీ పరీక్ష. అకరణీయ సంఖ్యలను గుర్తించి కారణం రాయమన్నచోట అన్నీ సరిగ్గా పెట్టి, ఆ కర్ణం దగ్గర మాత్రం అకరణీయమే, ఏడు బై ఐదు అని రాసింది. మీరు ఎర్ర సిరాతో కొట్టేశారు. ఇదేమిటే అని అడిగితే చెప్పింది. నా కొలతని కొట్టేసినట్టే అనిపించి, గుడ్డా టేపూ చంకన పెట్టుకుని మీ మీదికొచ్చాను.

మీరు నన్ను కూర్చోమన్నారు. కొలవనిచ్చారు. దగ్గరికొచ్చింది మామ్మగారూ, సరిపోలేదు అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. మీరు నవ్వలేదు, అది ఇప్పుడు గుర్తొస్తోంది. పనికొచ్చే లెక్క నా దగ్గర నేర్చుకుంటుంది, నీ లెక్క నువ్వే ఉంచుకో అని, మిమ్మల్ని పట్టుకుని నువ్వు అని, పిట్టని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. బడి మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టాను.

వారం తిరక్కుండా మీరే మా కొట్టుకొచ్చారు. పై బడి ప్రవేశ పరీక్షకి దీని పేరు పంపాలని ఉందన్నారు. తెలిసిన జవాబుని ఇలా ఎందుకు రాసిందో ఒక్కసారి అడగనివ్వండన్నారు. వానలో, గడప అవతల నిలబడి. నేను మిషను ఆపలేదు. ఆ చప్పుడులో మీ మాట నాకు సగమే వినబడింది. ఏ సగమో అడక్కండి. తర్వాత మీకు బదిలీ అయిందని తెలిసింది.

మొన్న ఆసుపత్రి వాళ్ళు వచ్చి, రోగులు కూర్చునే ముంగిలికి యాభై అడుగుల నలుచదరం గుడ్డ కావాలన్నారు. పదడుగులు దాటిన గుడ్డ మా చేతుల్లో ఎప్పుడూ పడలేదు. ఐదుకి ఏడయితే యాభైకి డెబ్బై, మీద బొటనవేలంత. కత్తెర పెట్టబోతుంటే పిట్ట, అమ్మమ్మా ఇంకాస్త వదులు అంది. నువ్వు నాకు నేర్పుతావా అన్నాను. కోశాను. పరిచి చూస్తే జానెడు పొట్టి. ఇటు లాగితే అటు అందదు, అటు లాగితే ఇటు. అంత పట్టీ, మధ్యలో అతుకేస్తే బరువు ఆగదు.

నేలమీదే కూలబడ్డాను. పిట్ట వచ్చి పక్కన కూర్చుంది. గుడ్డ పదింతలైతే బొటనవేలూ పదింతలవ్వాలి కదా అంది. అది కుట్టుకి పెట్టింది కాదు, ఏడులో పట్టక మిగిలింది అంది. చిన్న గుడ్డల్లో గుడ్డ సాగి మనల్ని కాపాడింది, ఆ బొటనవేలు కూడా సరిగ్గా సరిపోదు, ఇంకా సన్నంగా ఏదో మిగులుతుంది, దాని తర్వాత ఇంకా సన్నంగా అంది. మెల్లగా, భయపడుతూ చెప్పింది. ఇదివరకు ఇలాంటివి చెప్పేటప్పుడు గొంతు ఎగిరిపడేది. ఆ గొంతుని నేనే నొక్కేశాను టీచరమ్మా. మా అత్తగారు తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో ఆ బొటనవేలు, అడుగుదామంటే ఆవిడా లేదు.

నిన్న బడికి వెళ్ళాను. ఈసారి చెప్పులు బయట విడిచాను. టీచర్ని అంతమందిలో అవమానించి తీసుకుపోయిన పిల్లని, ఆ టీచరు మాట లేకుండా మళ్ళీ ఎలా చేర్చుకుంటామని పెద్ద టీచరమ్మ అడిగారు. న్యాయమే. పై బడి పరీక్ష ఎలాగూ దాటిపోయింది, అది నేను విప్పి మళ్ళీ కుట్టలేను. ఉన్న బడి తెరిచేలోపు మీరొక ముక్క రాసి పంపితే పిట్ట మళ్ళీ బల్ల ఎక్కుతుంది. లేకపోతే ఇక్కడే, నా పక్కనే, నాలాగే.

నా మొహం చూసి రాయమనను. ఆ జవాబు దానిది కాదు. నామీది నమ్మకంతో రాసింది. తప్పు నాది, గీత దానికి పడింది.

ఇక్కడ కలం ఆపేసింది. ఏమిటే అంటే ఏమీ లేదంటోంది. కొంగిచ్చాను, ముక్కు చీదుకుంది. చివర్న కాస్త జాగా వదలమన్నాను. నేను వేలిముద్ర వేసి, మిషనుకి నూనె పెట్టాలి, లోపలికి పోతాను. దానికి మీతో చెప్పుకునేదేమైనా ఉంటే రాసుకుంటుంది. నాకు చదివి వినిపించనక్కర్లేదని చెప్పాను. నాకెలాగూ చదవడం రాదు.

ఇట్లు,
మిమ్మల్ని వానలో నిలబెట్టిన
పిట్ట అమ్మమ్మ
ఎడమ బొటనవేలి ముద్ర

తా.క.: టీచర్, ఇది నా మాట. అమ్మమ్మ లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తను చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక్కటి తప్ప అంతా నిజం. నేను నమ్మి రాయలేదు. ఏడేడులు నలభై తొమ్మిది, కావలసింది ఐదైదులకి రెట్టింపు, యాభై, ఒకటి తక్కువని పరీక్షకి ముందే వేసి చూసుకున్నాను. ఏ భిన్నం పెట్టినా ఎంతో కొంత తేడా ఉండిపోతుందని మీరు నిరూపించింది కూడా గుర్తుంది. కరణీయం అని రాయడానికే కలం పెట్టాను. అమ్మమ్మ కంచం ముందు నుంచి లేచిపోవడం గుర్తొచ్చింది. నేను కూడా తప్పంటే తన వైపు ఇంకెవరూ ఉండరనిపించింది. మీరు వానలో అడిగిన రోజు గుడ్డల దొంతర వెనక ఉన్నాను. చెబితే అమ్మమ్మకి వినబడుతుందని బయటికి రాలేదు. వచ్చి ఉండాల్సింది. పట్టీ కోసేటప్పుడు కూడా ఇంకాస్త అన్నానే గానీ, ఎంతో తెలిసీ చెప్పలేదు. మీరు రాసే జవాబులో మాత్రం నేను తెలియకే తప్పు చేశానని రాయండి టీచర్. దాన్ని అమ్మమ్మకి చదివి వినిపించాల్సింది నేనే.