లాంచీ ఎక్కి చూసి వచ్చాను

బుడ్డీ,

అమ్మ రాస్తున్నాను. ఇక్కడ నేనూ నాన్నా కులాసాగా ఉన్నాం. అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? తాతయ్య దగ్గు తగ్గిందా? నీకు జలుబు చేసిందని అమ్మమ్మ చెప్పింది, ఈపాటికి తగ్గి ఉంటుందనుకుంటున్నాను. మా గురించి బెంగ పెట్టుకోవద్దు, మేము బాగానే ఉన్నాం. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది. అక్షరాలు వంకర పోతే నవ్వుకో, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. పోయిన వారం ఫోనులో నువ్వు అరిచావు, నేను అరిచాను, తరవాత ఇద్దరం ఏడ్చాం. చెప్పాల్సింది ఒక్కటీ చెప్పుకోలేదు. "అక్కని కాలవ తీసుకుపోయింది, నన్ను నువ్వు తాళమేసి పెడతావా" అన్నావు. నాకు చాలా కోపం వచ్చింది. నిజమే అన్నావు కాబట్టి వచ్చింది.

బడి వాళ్ళు మిమ్మల్ని నాగార్జునకొండకు తీసుకుపోతారని, ఇంట్లో వాళ్ళ సంతకం కావాలని నువ్వు పంపిన కాగితం అందింది. అందిన రోజే బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. నాన్న రోజూ అడుగుతూనే ఉన్నాడు. "ఏమే, ఆ కాగితం ఏం చేశావు? బియ్యంతో పాటు ఎసట్లో వేశావా ఏంది?" అని.

ఇక్కడి పని సంగతి రాస్తాను. సాగర్‌కి వచ్చి ఐదు నెలలైంది. లాడ్జీలో నాన్న గేటు దగ్గర, నేను వంటింట్లో. పొద్దున్నే ఉప్మా, ఇడ్లీ, పది దాటితే కూరలు. మిరప కోతలతో పోలిస్తే ఇదేం పని కాదు. ఎండ మన ఊరి ఎండే, సాయంత్రం మాత్రం నీళ్ళ మీద నుంచి గాలి వస్తుంది. తిండికి లోటు లేదు. అందరికీ వండి పెట్టి ఒక్కదాన్నే పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు మాత్రం నువ్వు గుర్తొస్తావు. వంటింటి కిటికీ తెరిస్తే డ్యాము నీళ్ళే. వచ్చిన కొత్తలో ఆ కిటికీకి పాత చీర ముక్క కట్టాను. పొగ ఎటు పోతుందమ్మా అని మేనేజరు తీయించాడు. పోయిన నెల ఇక్కడి ఆడవాళ్ళు ఎత్తిపోతలకు తీసుకుపోతే గుడి దగ్గరే కూర్చున్నాను. నీళ్ళు పడే చప్పుడు విన్నాను గానీ లేచిపోయి చూడలేదు.

మొన్న బుధవారం లాడ్జీలో జనం లేరు. ముందు నేను పోయి ఆ కొండను చూస్తాను, నాకు నచ్చకపోతే సంతకం పెట్టను అన్నాను. "నచ్చకూడదనే గదా పోతున్నావు, దానికి లాంచీ ఎక్కడం ఎందుకు?" అన్నాడు నాన్న. అయినా తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని తయారయ్యాడు.

ముందు అనుపుకు పోయి గుడిలో కొబ్బరికాయ కొట్టాం. అక్కడ పాతకాలం నాటి ఆటస్థలం ఉంది, చుట్టూ రాతి మెట్లు. కింద నిలబడి మెల్లగా మాట్లాడినా పై మెట్టు మీద వినపడుతుందంటారు. నన్ను పైన కూర్చోబెట్టి నాన్న కింది నుంచి పిలిచాడు. వినపడింది. ఏమని పిలిచాడో నీకెందుకులే.

తరవాత లాంచీల దగ్గరకు వచ్చాం. ఎక్కేటప్పుడు అందరికీ నీళ్ళలో తేల్చే నారింజ రంగు జాకెట్లు ఇస్తారు. నేను నాది తొడుక్కుని గట్టిగా లాగి చూశాను, పక్కవాళ్ళవి కూడా లాగి చూశాను. పిల్లలకు సరిపోయేవి ఉన్నాయా, ఎక్కినవాళ్ళందరికీ చాలుతాయా, నడిపేవాడికి ఎన్నాళ్ళ అలవాటు, అన్నీ అడిగాను. ఆ లాంచీ మనిషి నా మొహం చూసి, "ఏందమ్మా, కలెక్టరాఫీసు నుంచి గానీ వచ్చావా?" అన్నాడు. "వంటింట్లో నుంచి వచ్చింది, ఇంకా కష్టం" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. పిల్లల జాకెట్లు వేరే పెట్టెలో ఉన్నాయి. మూత తీయించి చూశాను.

లాంచీ కదిలాక నాకు కళ్ళు తిరిగాయి. కమ్మీ పట్టుకుని తల వంచుకున్నాను. పక్కన ఇన్నమ్మ అని రెంటచింతల పెద్దావిడ కూర్చుంది, మెడలో సిలువ. వాళ్ళ ఊరి చర్చి వాళ్ళందరూ కలిసి వచ్చారట.

"ఏంది పిల్లా, ఆ కమ్మీ పీక్కుని ఇంటికి తీసుకుపోతావా?" అంది.

"నీళ్ళంటే భయం పెద్దమ్మా."

"భయమైతే ఎందుకెక్కావు?"

నీ కాగితం సంగతి చెప్పాను. అక్క సంగతి కూడా చెప్పాను. ఆవిడ మెడలో సిలువను పట్టుకుంది. తరవాత, "మా ఊళ్ళో ఎండకి మడుసులు పోతారమ్మా. మా ఆయన చేలోనే పడిపోయాడు. అట్లని నా బిడ్డల్ని ఎండలోకి పంపకుండా ఉన్నానా? తలకి తుండు చుట్టి, చేతికి మజ్జిగ సీసా ఇచ్చి పంపాను. పంపినరోజల్లా వాకిట్లోనే నిలబడేదాన్ని, అది వేరే సంగతి" అంది. తన సంచిలో నుంచి ఒక జంతిక తీసి నా చేతిలో పెట్టింది. కొండ వచ్చేదాకా నేను కొరకలేదు, కమ్మీ వదిలితే గదా.

కొండ బాగుంది బుడ్డీ. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చుట్టూ నీళ్ళు, మధ్యలో కొండ. వేపచెట్లు ఉన్నాయి, నీడ ఉంది, చిలకల గోల ఉంది. దారి ఎత్తుగా ఉంటుంది, చెప్పులు గట్టివి వేసుకో. మ్యూజియంలో బుద్ధుడి బొమ్మలు, రాళ్ళ మీద చెక్కిన కథలు. ఆ రాయి మన వసారాలో పరిచిన నాపరాయిలాగే ఉంది, దాని మీద మనుషుల వేళ్ళు, గాజులు, జడలు కూడా కనపడేట్టు చెక్కారు. ఆ కాలం ఆడవాళ్ళ పూసలు అద్దాల పెట్టెలో పెట్టారు. అవి నీకు నచ్చుతాయి. బయట స్తూపాలు, యాగాలు చేసిన గుండం ఉన్నాయి. నాన్న ప్రతి బోర్డూ పైకి చదివాడు. సగం నాకు తెలియలేదు, తెలిసినట్టు తల ఊపాను.

అవన్నీ మొదట కింద లోయలో ఉండేవట. డ్యాము కడితే మునిగిపోతాయని ముందే తెలిసి, రాయి రాయికీ గుర్తు వేసి, కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారని అక్కడి గైడు చెప్పాడు. రాళ్ళకు కూడా ముందే కబురు అందింది చూడు అనుకున్నాను. అక్కడ నాకు కొంచెం ఏడుపొచ్చింది. నాన్న చూడలేదు, లేదా చూసి చూడనట్టు ఉన్నాడు.

చివర్లో ఒక స్నానాల రేవు చూపించారు. రాజుల కాలం నాటిదట. అది కూడా కింది నుంచి తెచ్చి కట్టిందే, కాబట్టి మెట్లు ఉన్నాయి, నీళ్ళు లేవు. అందరూ ఫోటోలు దిగి ముందుకు పోయారు. నేను ఒక్కో మెట్టు దిగాను. వెడల్పు మెట్లు, పాదం పూర్తిగా ఆనుతుంది. బిందెతో దిగిన మనిషి కూడా నిలదొక్కుకోగలదు. కింది మెట్టు మీద కూర్చున్నాను.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి రాస్తాను. ఆ రోజు తోటకు మందు కొట్టడానికి డ్రమ్ము నింపాలి. రోజూ నేనే కాలవ నుంచి నీళ్ళు మోసేదాన్ని. ఆ రోజు నాకు నడుము పట్టింది. అక్క చదువుకుంటుంటే పిలిచి, రెండు బిందెలు చేతికిచ్చి నేనే పంపాను. అది తనంతట తనే పోయిందని అందరితో అన్నాను, నీతో కూడా. మన కాలవ గట్టు నీకు తెలుసు. ఏటవాలు సిమెంటు, దాని మీద పాకుడు, కాలు ఆనించడానికి ఒక్క మెట్టు లేదు. ఒక్కదాన్నే పంపాను, రెండు బిందెలిచ్చి పంపాను. అదీ జరిగింది. అప్పటి నుంచి నీళ్ళను తిట్టుకుంటూ ఉన్నాను. కౌలు పొలం వదిలేశాం, కాలవ లేని ఊరని నిన్ను వినుకొండ దాటి అమ్మమ్మ దగ్గర పెట్టాను. నువ్వేం తప్పు చేశావని పంపేశానో నీకు ఎవరూ చెప్పలేదు. నువ్వు ఏ తప్పూ చేయలేదు తల్లీ. నా తప్పు మొయ్యలేక నిన్ను దూరం పెట్టాను.

నాన్నకు కూడా ఆ మెట్ల మీదే చెప్పాను. "నాకు ఆ రోజే తెలుసు, తనంతట తనే పోతే ఒక్క బిందే తీసుకుపోయేది గదా" అన్నాడు. మూడేళ్ళుగా ఒక్క మాట అనలేదు ఆ మనిషి. పక్కన కూర్చున్నాడు. లాంచీ వాళ్ళు కూత వేసేదాకా అక్కడే ఉన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు కూడా భయం వేసింది. పోయిందని అబద్ధం రాయను. తల ఎత్తి మాత్రం కూర్చున్నాను. ఇంటికి వచ్చి డబ్బాలో కాగితం తీసి సంతకం పెట్టాను. నాన్న రేపు మాచర్ల పోయి దీన్ని పోస్టు చేస్తాడు. కాగితానికి ఒక మూల బియ్యప్పిండి అంటింది, దులుపుకుని టీచరమ్మకు ఇవ్వు.

పోయేటప్పుడు జాకెట్టు బకిళ్ళు రెండూ పెట్టుకో, ఉక్కపోస్తుందని విప్పొద్దు. ఫోటోల కోసం అంచుకు పోవద్దు. లోపలి వరసలో కూర్చో. లాంచీ ఇక్కడి రేవు నుంచే బయలుదేరుతుంది కాబట్టి నేను ఒడ్డున ఉంటాను. నీ స్నేహితుల ముందు ముద్దులు పెట్టను, ఏడవను, దూరంగానే నిలబడతాను. మీరు తిరిగి వచ్చేదాకా ఉంటాను. ఆ ఒక్కదానికీ నన్ను ఆపొద్దు.

అమ్మమ్మను ఒక సీసాలో చింతకాయ పచ్చడి పెట్టి నీతో పంపమను. నా పాత కళ్ళజోడు అక్కడి గూట్లో ఉంటుంది, అది కూడా తీసుకురా, రాయడానికి కష్టంగా ఉంది. అమ్మమ్మకు, తాతయ్యకు కాళ్ళకు దండం పెట్టానని చెప్పు, వాళ్ళ దీవెన మా మీద ఉంచమని చెప్పు. పక్కింటి అత్తను అడిగినట్టు చెప్పు. ఇక్కడ అంతా బాగుంది, మళ్ళీ చెబుతున్నాను, బెంగ వద్దు.

నీకు నా దీవెనలు, నాన్న దీవెనలు.

మీ అమ్మ

ఆ రోజు తెల్లారకముందే బస్సు ఎక్కిస్తారట. ఆకలి లేదని లేచిపోకు. అమ్మమ్మ పెట్టిన అన్నం కడుపునిండా తిని బయలుదేరు.