సెల్వక్క కొట్టు ఎత్తేశాక

అక్కకు నమస్కారాలు. నాయన మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు కులాసాగా ఉన్నారా? ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఎండకు రేకుల గది కుంపటిలా ఉంది. అయినా అలవాటైపోయింది, కంగారు పడొద్దు.

తడలో మా వీధి మొదట్లో సెల్వక్క కాఫీ కొట్టు ఉండేదని చెప్పాను కదా. కార్వేటినగరం నుంచి వచ్చిన కొత్తలో మాకు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మీ మరిది శ్రీ సిటీ ఫ్యాక్టరీ నుంచి కంపెనీ బస్సులో వచ్చి, అక్కడ ఒక కాఫీ తాగి, తోటివాళ్లతో నాలుగు మాటలాడి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరేవారు. స్థలం ఓనరు అమ్ముకున్నాడు. కొట్టు ఎత్తేశారు. వెళ్లేరోజు సెల్వక్క, "పోయొస్తా కణ్ణూ, నా తల్లీ. సాయంత్రాలు నీ మొగుడు యాడ కూసుంటాడో సూస్కో" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదట మీ మరిది, తోటివాళ్లంతా హైవే పక్క అద్దాల కాఫీ షాపుకు పోయారు. అక్కడ ఒక కప్పు ధరకు కడుపునిండా భోజనమే వస్తుంది. తాగగానే లేవమన్నట్టు చూస్తారట. "మనల్ని కూసోనిచ్చేది బ్రాందీ షాపోడొక్కడేరా" అని ఎవరో అన్నారట. ఇప్పుడు రోజూ అటే. జీతం నెల సగానికే ఖాళీ.

నేనేం తక్కువ తిన్నాను? సెల్వక్క మెట్ల మీద ఆడవాళ్లం పూలు కట్టుకుంటూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు గదిలో ఒక్కదాన్నే ఫోన్ చూస్తూ గిన్నెలు, దిండు గలీబులు, అక్కర్లేనివన్నీ తెప్పిస్తున్నాను. నా తలుపు తట్టేది ఆ పార్సిల్ వాళ్లే మరి.

మొన్న ఆదివారం చిక్కటి డికాషన్ తీసి, నురగ తేలేలా కాఫీ కలిపిచ్చాను. ఒక గుక్క తాగి పక్కన పెట్టేశారు.

"బాగలేదా?"

"బాగుండాది."

"అయితే తాగబ్బా. ఇంట్లోనే ఉండు, దినమూ కలిపిస్తా."

"కాఫీ కోసరమా మే నేను ఆడికి పోయింది? పొద్దంతా మిషన్ కాడ నోరు తెరిసే పని లేదు. ఆడ కూసుంటే నేనూ మనిషినేననిపించేది."

చొక్కా వేసుకుని వెళ్లిపోయారు. ఏమని ఆపను అక్కా?

మన చెల్లి వాణి ఇక్కడికి పనికొస్తానంటోందట. ఇప్పుడే పంపొద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతకాయ తొక్కు పంపు. పెద్దత్తను అడిగానని చెప్పు. నాయన కాళ్లకు మొక్కుతున్నాను, మమ్మల్ని దీవించమను. నేను బాగున్నానని కూడా చెప్పు. అబద్ధం ఆడటం నీకు చేతకాదని తెలుసు. ఈ ఒక్కసారికి ఆడు.

నీ చెల్లెలు,
రెడ్డెమ్మ