కార్డు మీద పట్టని రెండు లైన్లు

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పొయ్యి కట్టేసి, కూర్చుని చదువు. ఫోనులోనే చెబుదామని నాలుగుసార్లు చేశాను. నీ గొంతు వినగానే ధైర్యం చాలక వాన సంగతీ నీ మోకాళ్ల సంగతీ మాట్లాడి పెట్టేశాను. కాగితమైతే మధ్యలో ఏడ్చినా నీకు వినిపించదు.

నాన్న పోయి ఎనిమిది నెలలైంది. ఆ ముందురోజు కూర చప్పగా ఉందన్నాడని ఇంకో చెంచా ఉప్పు వేశావట, అందుకే ఆయన గుండె ఆగిపోయిందని అందరితో చెప్పుకుంటున్నావు. అప్పటి నుంచి నీ ఇంట్లో వంటకు ఉప్పు లేదు. బావేమో జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని తిరుగుతున్నానని, నువ్వు అటు తిరగ్గానే చల్లుకుంటున్నానని నాతో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాన్నను చంపింది నీ చెయ్యి కాదక్కా, నాది.

మీ వంటింటి గోడకు నాన్న అంటించిన ఆహార సూచనల కార్డు ఉంది కదా, పైన ప్రభుత్వ ముద్రతో. బీపీ ఉన్నవాళ్లు మామూలు ఉప్పు మాని, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే తక్కువ సోడియం ఉప్పు వాడాలని అందులో ఉంటుంది. జనం దాన్ని కార్డు ఉప్పు అంటున్నారు. ఆ కార్డు రాసింది నేనేనని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. కానీ నేను రాసిన మొదటి ప్రతిలో చివర ఇంకో రెండు లైన్లు ఉండేవి. "ఈ ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు." అవి ఉండి ఉంటే నాన్న ఆ ఉప్పు ముట్టేవాడు కాదు. ఆయన కిడ్నీల సంగతి మనిద్దరికీ తెలుసు.

కార్డు రోగుల పుస్తకం అట్ట జేబులో పట్టాలి. పద్నాలుగు లైన్లు మించితే పట్టదు. అచ్చుకు వెళ్లాల్సిన పొద్దున మంత్రిగారి సందేశం వచ్చింది, సరిగ్గా రెండు లైన్లు. డైరెక్టరు గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, కింద ఎక్కడో ఓ రెండు లైన్లు లేపెయ్యండి. వ్యాను వచ్చేసింది" అన్నారు. కిడ్నీ రోగులకు డాక్టరు ఎలాగూ చెబుతాడు కదా అనుకున్నాను. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. మా సెక్షన్లో ఏ లైను కొట్టినా పక్కన పొడి సంతకం పెట్టాలి. పెట్టాను. అప్పుడు నాన్న గుర్తు రాలేదా అని అడుగుతావు. రాలేదక్కా. వ్యాను హారను ఒక్కటే వినిపించింది. తర్వాత మీ ఇంటికొచ్చి, కార్డు గోడ మీద చూసి మురిసిపోయాను. అలమరలో డబ్బా వైపు చూడనే లేదు.

ఇప్పుడు విచారణ కమిటీ వేశారు. ముప్పై ఏడుగురు పోయారట. అందరూ కిడ్నీ రోగులే, అందరి రక్తంలోనూ పొటాషియం విపరీతంగా పెరిగింది. నాన్న ఇంట్లోనే పోయాడు కనుక ఆ జాబితాలో లేడు, ఎవరూ మనల్ని అడగలేదు. నిన్న డైరెక్టరు గారు తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ఆ రెండు లైన్లూ ప్రెస్సులో ఎగిరిపోయాయని రాసివ్వండి. ప్రెస్సు పెద్దాయన ఎలాగూ వచ్చే ఏడాది రిటైరవుతాడు. మొదటి ప్రతి అంటారా, మన ఆఫీసులో కాగితాలు పోవడం కొత్తా?" అన్నారు. నేను తల ఊపాను. ఊపానక్కా. ఆ ప్రతి నా సంచీలోనే ఉంది.

కానీ ఆ కార్డు నన్ను వదలడం లేదు. దర్జీ అద్దానికి అదే, చిల్లర కొట్టు గోడకు అదే. నిన్న బస్సులో ఒక ముసలాయన దాన్ని వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతున్నాడు, అచ్చం నాన్నలాగే. దిగిపోయి నడిచి వెళ్లాను. ఆఫీసు క్యాంటీన్లో కూర్చుంటే కంచం మీద చెంచాతో మూడుసార్లు తట్టిన చప్పుడు వినిపిస్తోంది. ఉప్పు కావాలంటే నాన్న అలాగే తట్టేవాడు కదా. తలెత్తి చూస్తే ఎవరి పాటికి వాళ్లు తింటుంటారు.

సోమవారం నా వాంగ్మూలం. నీకు నిజం చెప్పాక కూడా అబద్ధం రాయగలనా అని నన్ను నేనే చూసుకోవడానికి ఇది రాస్తున్నాను.

నీ చిన్నది


చిన్నీ,

కూర్చునే చదివాను. బావ నా మొహం చూసి ఉత్తరం లాక్కుని తనూ చదివాడు. చదివి, జేబులోంచి ఉప్పు పొట్లం తీసి బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లిపోయాడు.

నువ్వు చెప్పినదానికన్నా నేను దాచింది పెద్దది. నాన్న తూనికల ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పటి ఇత్తడి రాళ్ల పెట్టె ఉందిగా, ఆయన పోయిన నాలుగో రోజున అది తెరిచాను. అందులో దొరికిన కార్డు ఈ ఉత్తరంలో పెడుతున్నాను. ముందు ఇది చదివి తర్వాత దాన్ని చూడు.

నీ సూచనల కార్డు వచ్చిన వారంలోనే నాన్న మీ ఆఫీసుకు ఉత్తరం రాశాడు. నా కిడ్నీలు బలహీనం, ఈ ఉప్పు నాకు పడుతుందా అని. "చిన్నదానికి ఒక్క ఫోను కొట్టు నాన్నా, అయిపోతుంది" అన్నాను. "సర్కారును అడగాల్సింది సర్కారునే అడగాలే. నేను కూతుర్ని చాటుగా అడిగితే, కూతురు లేనివాళ్లు ఎవర్ని అడుగుతారు?" అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అప్పటిదాకా ఆ డబ్బా మూత తీయలేదు. అచ్చు కార్డు. "మీ ఉత్తరం అందింది. కార్డులో ఉన్నట్లే పాటించండి." కింద ముద్ర, ముద్ర మీద నీ పొడి సంతకం. ముప్పై ఏళ్లు కొట్ల వెంట తిరిగి రాళ్లకు ముద్రలు వేసి, ముద్ర ఉంటే నమ్మండి అని జనానికి చెప్పిన మనిషి. పైగా నీ సంతకం. "చిన్నది చూసే పెట్టింది. ఇంక భయం లేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే డబ్బా విప్పాడు.

నేను వేసిన ఒక్క చెంచాతో ఎవరూ పోరని నాకు తెలియదా? ఆ మాట ఊరంతా చెప్పుకున్నది తప్పు నీ దాకా రాకూడదని. నిందేదో నా ఒక్కదాని మీద ఉంటే సరిపోతుందనుకున్నాను. ముప్పై ఏడని నువ్వు రాసేదాకా ఇది మన ఇంటి సంగతే అనుకున్నాను. చిన్నీ, ఆ ముప్పై ఏడు ఇళ్లలోనూ ఎవరో ఒకరు ఉప్పు డబ్బా వంక చూస్తూ, తప్పు తనదేనని కూర్చుని ఉంటారు. వాళ్లకు ఎవరు చెబుతారు?

నీ మీద నాకు కోపం లేదని రాయను. ఉంది. ప్రెస్సాయన మీద తోశావో, నా గడప తొక్కకు. ఉన్నది ఉన్నట్టు చెప్పి రా. ఏం వండాలో అప్పుడు చూస్తాను.

అక్క


నాన్నా,

నీ ఉత్తరం నేను చూడలేదు. సాకు చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. జనం రాసే ఉత్తరాలు కింది అంతస్తులో విప్పుతారు. రిజిస్టరులో నంబరు వేసి, విషయం ఒక్క ముక్కలో రాసి, ఉత్తరాన్ని కట్టలో కట్టేస్తారు. మా దగ్గరికి రిజిస్టరే వస్తుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వందేసి జవాబు కార్డులు ముందేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ ముద్రలు వేసి సంతకాలు గీకేస్తాం. చిరునామాలు కిందివాళ్లు రాసుకుంటారు. నా సంతకం అలా నీకు చేరింది.

శనివారం రికార్డు గదికి వెళ్లాను. నీ నంబరు 2316. విషయం: ఉప్పు గురించి సందేహం. కట్ట విప్పితే నీ ఉత్తరం మడత నలగకుండా ఉంది. "నాకు" అన్న మాట కింద స్కేలు పెట్టి గీత గీశావు. ఆ రిజిస్టరులో ఉప్పు గురించి సందేహాలు ఇంకా పంతొమ్మిది ఉన్నాయి నాన్నా. పంతొమ్మిదికీ అదే జవాబు, అదే సంతకం. ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వాచ్‌మన్ వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

సోమవారం కమిటీ ముందు నాలుగూ పెట్టాను. ఎర్ర గీతల మొదటి ప్రతి, రిజిస్టరు, నీ ఉత్తరం, నీకు వచ్చిన జవాబు. డైరెక్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. లైన్లు తగ్గించమన్నది ఎవరో చెప్పాను, తగ్గించింది ఎవరో కూడా చెప్పాను. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి, "మొత్తం ముప్పై ఏడేనంటారా?" అని అడిగారు. "ముప్పై ఎనిమిది. ఆ చివరాయన మా నాన్న" అన్నాను. ఆవిడ ముప్పై ఏడు కొట్టేసి, ముప్పై ఎనిమిది రాసుకున్నారు.

నన్ను సస్పెండు చేశారు, డైరెక్టరు గార్నీ చేశారు. ఆరోగ్య కేంద్రాల్లో డబ్బాలు వెనక్కి తీసుకుంటున్నారు. మిగతా పంతొమ్మిది చిరునామాలూ రాసుకుని ఒక్కో ఇంటికే వెళ్తున్నాను. నిన్నటికి ఏడు ఇళ్లు అయ్యాయి. రెండింట్లో మనుషులు బతికే ఉన్నారు. ఒకచోట ఒకావిడ నా మొహాన తలుపు వేసింది. అక్క నిన్న వంటలో ఉప్పు వేసింది. ముగ్గురం తిన్నాం, ఎవరూ రుచి గురించి మాట్లాడలేదు. చెంచా చప్పుడు మాత్రం ఆగలేదు. ఆగాలని నేనూ అడగడం లేదు.

నీ ఉత్తరానికి ఇంకా జవాబు బాకీ ఉంది. ఆ మూడు వారాల్లో రావలసింది ఇది.

ఉత్తరం నంబరు 2316కు జవాబు.

అయ్యా, మీ ఉత్తరం మొత్తం చదివాను. మీరు అడిగింది సరైన ప్రశ్న. మా కార్డులో రెండు లైన్లు లేవు, అది మా తప్పు. మీ కిడ్నీలు బలహీనంగా ఉన్నాయి కనుక ఈ ఉప్పు మీకు పనికిరాదు. దయచేసి ఆ డబ్బా విప్పకండి.

చదివి సంతకం పెట్టినది,
నీ చిన్నది